కణపు పొరలో అమ్మోనియా ద్వారాలు: కామల రోగికి మలబంధం వెంట మగత ఎందుకు వస్తుంది?

మా ఇబ్రహీంపట్నం అంగడిలో ఒకప్పుడు కళాయి వేసేవారి కొలిమి ఉండేది. కాగిన ఇత్తడి గిన్నెలో తగరం ముక్క వేసి, తెల్లని పొడి చల్లి, దూదితో రుద్దగానే దట్టమైన తెల్లని పొగ లేచి ముక్కుపుటాలు అదిరేవి. ఆ పొడియే నవాసాగరం. సంస్కృతంలో నవసాదరం అంటారు. ఆధునిక రసాయన శాస్త్రంలో దాని పేరు అమ్మోనియం క్లోరైడు. రసరత్నసముచ్చయం దీనిని సాధారణ రసాలలో చేర్చి, జఠరాగ్నిని వృద్ధి చేస్తుందనీ, గుల్మ ప్లీహ రోగాలను హరిస్తుందనీ చెప్పినది. కడుపులో బల్ల పెరిగిన రోగులకు మా గురువుగారు దీనిని శుద్ధి చేసి ఇచ్చేవారు. నేనూ చాలాకాలం ఇచ్చాను.

ఎందుకు మానివేశానో చెప్పడానికే ఈ వ్యాసం. దాని కొరకు అమ్మోనియా అనే పదార్థం మన దేహంలో ఎక్కడ పుట్టి, ఏ దారిన నడిచి, ఏ ద్వారాల గుండా కణాలలోనికి పోతుందో కొంత తెలుసుకోవలసి ఉన్నది. విషయం శాస్త్రీయమైనదే అయినా, కాలేయ రోగి ఉన్న ప్రతి ఇంటికీ దీనితో పని ఉన్నది.

1993లో ఒక అనుభవం

1993 వేసవిలో మా ప్రాంతపు పల్లె నుంచి ఏభై ఏళ్ల గృహస్థును నా దగ్గరకు తీసుకొని వచ్చారు. సారాయి అలవాటు ఉన్న మనిషి. కళ్లు పచ్చబడి, పొట్ట నీటితో ఉబ్బి, కాళ్లు చేతులు సన్నగిల్లి ఉన్నాడు. ప్లీహం చేతికి తగిలినది. ఉదర రోగమని నిశ్చయించి, నవాసాగరం కలిసిన చూర్ణం ఇచ్చాను. పప్పు, పాలు మాన్పించి పలుచని జావ మీద ఉంచమన్నాను. లంఘనం మేలు చేస్తుందని నా విశ్వాసం.

నాలుగు రోజులకు ఆయన కుమారుడు వచ్చి, "అయ్యగారూ, నాయన పగలంతా పండుకుంటుండు, రాత్రంతా మేలుకొని ఏదేదో మాట్లాడుతుండు. అంగీ తిరగేసి తొడుక్కున్నడు. రెండు రోజులాయె, బయటికి పోలేదు" అన్నాడు. నేను దానిని వాతప్రకోపమని భావించి మరొక పొట్లం కట్టి ఇచ్చాను. మరునాటికి రోగి భార్యను గుర్తించలేదు. కుమారుడు నా మాటకు ఎదురుచూడక జీపులో హైదరాబాదు తీసుకొని పోయి ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ వస్తి ఇచ్చి మలాన్ని వెడలించి, లాక్టులోజు అనే తియ్యని పానకం వంటి మందు పట్టించారు. రెండవ రోజుకు ఆయన భార్యను పేరు పెట్టి పిలిచాడట.

నేను చూడబోయినప్పుడు అక్కడి యువ వైద్యుడు ఏ మందు ఇచ్చారని అడిగాడు. చెప్పాను. ఆయన నన్ను నిందించలేదు. "అయ్యా, ఈ రోగి దేహం తనలో పుట్టే అమ్మోనియానే వదిలించుకోలేకపోతున్నది. మీరు పైనుంచి మరికొంత ఇచ్చారు" అన్నాడు. ఆ మాటే నన్ను మళ్లీ విద్యార్థిని చేసినది.

అమ్మోనియా ఎక్కడ పుడుతుంది?

పశువుల కొట్టంలో తెల్లవారుజామున వచ్చే ఘాటైన వాసన అమ్మోనియాదే. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టగా అది పుడుతుంది. మన పెద్దప్రేగులోనూ ఇదే పని నిత్యం జరుగుతున్నది. మనం తిన్న మాంసకృత్తుల శేషాన్నీ, రక్తం నుంచి ప్రేగులోనికి వచ్చిన యూరియానూ అక్కడి సూక్ష్మజీవులు విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తాయి. చిన్నప్రేగు కణాలు, మూత్రపిండాలు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా దీనిని తయారు చేస్తాయి. అమ్మోనియా పుట్టడం రోగం కాదు. అది జీవనవ్యాపారంలో భాగం. దానిని ఎక్కడికి పంపాలి అన్నదే దేహం ముందున్న ప్రశ్న.

ప్రేగుల నుంచి బయలుదేరిన రక్తం నేరుగా గుండెకు పోదు. ద్వారసిర అనే పెద్ద సిర గుండా ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడ అమ్మోనియా యూరియాగా మారుతుంది. ఈ మార్పు ఒక చక్రంవలె జరుగుతుందని 1932లో జర్మనీలో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. సామాన్యమైన భోజనం చేసే పెద్దవారిలో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల యూరియా తయారవుతుంది. అమ్మోనియా మెదడుకు విషం. యూరియాకు ఆ తీవ్రత లేదు. అది మూత్రంలో కలిసి బయటికి పోతుంది.

మన పెద్దచెరువులోని చేపకు ఈ శ్రమ అంతగా లేదు. చుట్టూ నీరే ఉన్నది కనుక అది అమ్మోనియాను అమ్మోనియాగానే మొప్పల గుండా నీటిలోనికి వదులుతుంది. నేలమీద బ్రతికే మనకు అంత నీరు లేదు. అందుకే కాలేయం ఈ భారాన్ని మోస్తున్నది.

నవాసాగరం, సున్నం చెప్పే పాఠం

పూర్వం ఎవరైనా సొమ్మసిల్లితే నవాసాగరాన్నీ, సున్నాన్నీ కలిపి నలిపి వాసన చూపేవారు. విడిగా ఉన్నప్పుడు ఈ రెండింటికీ ఘాటు లేదు. కలిపిన మరుక్షణం కంట నీరు తెప్పించే వాసన పుడుతుంది. కారణం ఇది. అమ్మోనియాకు రెండు రూపాలున్నాయి. ఒకటి వాయురూపం. రెండవది, ఆ అణువుకు ఒక ప్రోటాను చేరి ధనావేశం పొందిన అమ్మోనియం రూపం. ఆమ్లం ఎక్కువైనచోట అమ్మోనియం రూపం నిలుస్తుంది. క్షారం ఎక్కువైనచోట వాయురూపం విడుదల అవుతుంది. నవాసాగరంలో బంధింపబడి ఉన్న అమ్మోనియాను సున్నపు క్షారం విడిపిస్తున్నది. ఈ ఒక్క సూత్రాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు చెప్పబోయే చికిత్స అంతా దీనిమీదనే నిలిచి ఉన్నది.

మన రక్తంలో నూటికి సుమారు 98 వంతుల అమ్మోనియా ఆవేశం గల అమ్మోనియం రూపంలోనే ఉంటుంది. ప్రతి కణం చుట్టూ ఒక పలుచని కొవ్వు పొర ఉన్నది. ఆవేశం గల పదార్థాన్ని ఆ పొర తనంత తాను లోపలికి రానీయదు. మిగిలిన స్వల్పమైన వాయుభాగం మాత్రం ఎక్కడైనా సులువుగా దూరిపోగలదని, అమ్మోనియాకు వేరే ద్వారం అవసరం లేదని శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. అయితే 1989లో మూత్రపిండ నాళికలోని ఒక భాగపు పొర ఈ వాయువును దాదాపు రానీయదని తేలినది. అన్ని పొరలూ ఒక్కటి కావన్నమాట. ఒకచోట మూసి ఉన్నదంటే, మరొకచోట తెరిచే సాధనం ఉండాలి.

ద్వారాల ఆవిష్కరణ

ఆ సాధనం 1994లో దొరికినది. బెల్జియం దేశపు బ్రస్సెల్స్‌లో మారిని, ఆండ్రే బృందం ఈస్టులోనూ, జర్మనీలో ఫ్రోమర్ బృందం ఒక చిన్న మొక్కలోనూ అమ్మోనియంను కణంలోనికి చేర్చే మాంసకృత్తులను గుర్తించారు. రొట్టెను పొంగించే ఈస్టు, పొలంలోని వరి వేరు, ప్రేగులోని సూక్ష్మజీవి ఈ జాతి ద్వారాలను కలిగి ఉన్నాయి. మన రైతు చల్లిన యూరియా నేలలో అమ్మోనియంగా మారి, వరి వేళ్లలోని ఇట్టి ద్వారాల గుండానే మొక్కలోనికి పోతున్నది. మొక్కకు అది ఆహారం. మనకు అది విసర్జింపవలసిన మలం. వస్తువు ఒక్కటే, ద్వారాల వంశమూ ఒక్కటే.

ద్వారం ఎట్లా ఉంటుంది? 2004లో అమెరికాలో రాబర్ట్ స్ట్రౌడ్ బృందం ఒక ప్రేగు సూక్ష్మజీవికి చెందిన ఆంట్‌బి అనే ద్వారాన్ని స్ఫటికంగా మార్చి ఎక్స్‌రేలతో దాని నిర్మాణాన్ని చూపినది. మూడు సమానమైన భాగాలు ఒక కట్టగా చేరి పొరలో నాటుకొని ఉంటాయి. ప్రతి భాగంలోనూ ఒక సన్నని మార్గం ఉన్నది. వాకిట ధనావేశం గల అమ్మోనియంను పట్టి నిలిపే చోటు ఉన్నది. మార్గం లోపలి భాగం నీటిని ఓర్వని స్వభావం గలది. అక్కడికి చేరేసరికి అమ్మోనియం తన ప్రోటానును విడిచి, అమ్మోనియాగా ఇరుకు దారి దాటి, అవతల మళ్లీ ప్రోటానును పొందుతుంది. గుడి వాకిట చెప్పులు విడిచి లోనికి పోయినట్లు ఆవేశాన్ని విడిచి దాటుతుందని మా మనుమనికి చెప్పాను. పోలిక పూర్తిగా సరిపోదు. విడిచిన ప్రోటాను గతి ఒక్కొక్క జాతి ద్వారంలో ఒక్కొక్క తీరుగా ఉన్నది.

రక్తవర్గంలోని ఆర్‌హెచ్ కూడా ఈ వంశమే

గర్భిణికి రక్తపరీక్ష చేసినప్పుడు చీటీపై పాజిటివ్, నెగటివ్ అని వ్రాస్తారు. అది ఆర్‌హెచ్ అంశం. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ దీనిని ప్రకటించారు. ఎర్ర రక్తకణపు పొరలో ఈ మాంసకృత్తి ఎందుకు ఉన్నదో అరవై సంవత్సరాల వరకు స్పష్టం కాలేదు. ఆర్‌హెచ్ కుటుంబానికీ, ఈస్టులోని అమ్మోనియా ద్వారాలకూ పోలిక ఉన్నదని 1997లో మారిని బృందం గమనించినది. 2000లో మనిషి ఎర్రకణంలోని ఆర్‌హెచ్‌ఏజీ అనే మాంసకృత్తినీ, మూత్రపిండంలోని దాని జ్ఞాతినీ సొంత ద్వారాలు లేని ఈస్టులో ప్రవేశపెట్టి చూచారు. చావవలసిన ఈస్టు పెరిగినది. మనిషి ద్వారం ఈస్టుకు అమ్మోనియంను అందించినది.

మనలో ఈ పని చేసేవి ముఖ్యంగా మూడు. ఆర్‌హెచ్‌ఏజీ ఎర్రకణాలలో ఉన్నది. ఆర్‌హెచ్‌బీజీ కాలేయంలోనూ మూత్రపిండంలోనూ ఉన్నది. ఆర్‌హెచ్‌సీజీ మూత్రపిండ నాళికల చివరి భాగాలలో ఉన్నది. చేపల మొప్పలలో ఇదే కుటుంబపు ద్వారాలున్నట్లు 2007లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. చెరువులోని చేపకూ, దానిని చూచే మనకూ ఈ విషయంలో చుట్టరికం ఉన్నదన్నమాట.

ఇక్కడ గృహిణులకు ఒక మాట. ఆర్‌హెచ్ నెగటివ్ అన్నంత మాత్రాన అమ్మోనియా వ్యాధి వస్తుందని భయపడనవసరం లేదు. నెగటివ్ వారిలో లోపించేది డి అనే మాంసకృత్తి మాత్రమే. అమ్మోనియాను దాటించే ఆర్‌హెచ్‌ఏజీ వారిలోనూ ఉన్నది. తల్లి నెగటివ్ అయి, తండ్రి పాజిటివ్ అయినప్పుడు బిడ్డ రక్షణ కొరకు వైద్యులు చెప్పిన కాలంలో యాంటీ-డి సూది తప్పక వేయించుకోవాలి. దానికి బదులుగా ఏ ఇంటి మందూ లేదు.

మూత్రపిండాల పని

దేహంలో రోజూ పుట్టే ఆమ్లాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి. ఆ ఆమ్లంలో సగానికి తక్కువ కాకుండా అమ్మోనియంపై ఎక్కించి పంపుతాయి. 2008లో ఆర్‌హెచ్‌సీజీ లేని ఎలుకలకు ఆమ్లభారం ఇచ్చి చూచినప్పుడు, అవి తగినంత అమ్మోనియంను మూత్రంలోనికి పంపలేక, రక్తంలో ఆమ్లం పెరిగి చిక్కిపోయాయి. ఒక్క ద్వారం లేకపోతే ఎంత నష్టమో దీనివల్ల స్పష్టమైనది.

మరొక విషయం. అమ్మోనియం అయాను పరిమాణంలో పొటాషియంను పోలి ఉంటుంది. అందుచేత పొటాషియం కొరకు ఉన్న దారులలోనూ అది చొరబడగలదు. పైగా రక్తంలో పొటాషియం తగ్గినప్పుడు మూత్రపిండాలు మరింత అమ్మోనియాను తయారు చేస్తాయి. అందులో కొంత తిరిగి రక్తంలో కలుస్తుంది. కాలేయ రోగికి వాంతులు, విరేచనాలు ఎక్కువైనా, మూత్రం జారీ చేసే మందులు మితిమీరినా మగత రావడానికి ఇది ఒక కారణం.

చరకుడు ఒకచోట చేర్చిన లక్షణాలు

చరక సంహిత చికిత్సాస్థానం 16వ అధ్యాయంలో పాండు కామలలను వర్ణించారు. దాహం, అరుచి, దప్పికతోపాటు ఆనాహం, తంద్ర, మోహం కలిగి, అగ్ని, సంజ్ఞ నశించిన కామల రోగి త్వరలో మరణిస్తాడని అక్కడ చెప్పారు. ఆనాహం అంటే మలవాయువులు బంధింపబడి కడుపు ఉబ్బడం. తంద్ర అంటే మగత. మోహం అంటే తెలివి తప్పడం. గురుకులంలో నేను ఈ శ్లోకాన్ని కంఠస్థం చేశాను. ఆనాహం ప్రక్కనే తంద్ర ఎందుకు వచ్చినదని ఆనాడు అడగలేదు. అసాధ్య లక్షణమని మాత్రం నేర్చుకొన్నాను. 1993లో నా రోగి ఆ శ్లోకమంతా కనబరుస్తూ ఉండగా నేను వాతప్రకోపమన్నాను.

ఈనాడు సమాధానం ఉన్నది. మలం నిలిచిన కొద్దీ ప్రేగులో అమ్మోనియా పెరుగుతుంది. గట్టిపడిన కాలేయం దానిని యూరియాగా మార్చలేదు. ద్వారసిరలో ఒత్తిడి పెరిగి, రక్తం ప్రక్కదారులు వెదుక్కొని కాలేయాన్ని తాకకుండానే పైకి పోతుంది. అమ్మోనియా మెదడుకు చేరుతుంది. అక్కడ నాడీకణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్లనే కణాలు దానిని గ్లుటమేటుతో కలిపి గ్లుటమిన్‌గా మార్చుతాయి. గ్లుటమిన్ నిండి ఆ కణాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి. నిద్ర తారుమారు కావడం, మాట తడబడడం, తెలివి తప్పడం క్రమంగా కలుగుతాయి. దీనినే ఆధునికులు హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. 1893లోనే రష్యాలో పావ్‌లోవ్ తదితరులు ద్వారసిర రక్తాన్ని కాలేయం ప్రక్కనుంచి మళ్లించిన కుక్కలకు మాంసం పెట్టగా అవి మతి తప్పినట్లు గమనించారు.

ఇంతమాత్రం చేత మన ప్రాచీనులు అమ్మోనియాను, దాని ద్వారాలను ఎరుగుదురని నేను అనను. దేహంలో ఎన్ని రకాల భావాలున్నాయో అన్ని రకాల స్రోతస్సులున్నాయని చరకుడు విమానస్థానంలో చెప్పిన మాట ఈ ద్వారాలను చదివినప్పుడు తప్పక గుర్తుకు వస్తుంది. కానీ ఊహ వేరు, నిర్మాణాన్ని కంటితో చూడడం వేరు. వారు రోగిని శ్రద్ధగా చూచి లక్షణాలను సరిగా జతపరిచారు. కారణాన్ని ఈ తరం కనుగొన్నది. వారు అసాధ్యమన్న స్థితి నుంచి, సకాలంలో ఆసుపత్రికి చేర్చితే ఈనాడు చాలామంది తిరిగి వస్తున్నారు. ఇది మనకు కలిగిన భాగ్యం.

ఆమ్లంతో బంధించడం

లాక్టులోజు ఒక విధమైన చక్కెర. మనం దానిని జీర్ణం చేసుకోలేము. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి ఆమ్లాలుగా మార్చుతాయి. సున్నం చేసిన పనికి ఇది సరిగ్గా వ్యతిరేకం. ఆమ్లం చేరగానే వాయురూపంలోని అమ్మోనియా అమ్మోనియంగా మారి ప్రేగులోనే చిక్కుకొంటుంది. పొర దాటలేదు. తరువాత మలంతోపాటు బయటికి పోతుంది. 1966లో బిర్షర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ రోగానికి దీనిని వాడి ప్రకటించారు. నేటికీ ఇదే మొదటి మందు. రోజుకు రెండు మూడు మెత్తని విరేచనాలు కావడం దీని లక్ష్యం. మళ్లీ మళ్లీ మగత వచ్చేవారికి వైద్యులు రిఫాక్సిమిన్ అనే మందును కూడా చేర్చుతారు.

ఉదర రోగంలో నిత్య విరేచనాన్ని చరకుడు విధించాడు. ఆ దిశ సరియైనదే. అయితే ఈ రోగికి తీక్ష్ణ విరేచనం పనికిరాదు. నీళ్లవలె విరేచనాలై దేహం ఎండితే, పొటాషియం తగ్గితే, మగత పెరుగుతుంది. కాబట్టి జమాలగోట కలిసిన మాత్రలు గానీ, అధిక మోతాదులో సునాముఖి గానీ ఇంటిలో ఇవ్వకూడదు. కడుపుబ్బరమని వంటసోడా త్రాగించడమూ తగదు. ఉబ్బిన పొట్టకు సోడియం చేటు. పైగా దేహంలో క్షారం పెరగడం వల్ల అమ్మోనియా వాయురూపం దాల్చి పొరలు దాటడానికి అనుకూలం ఏర్పడుతుంది. నవాసాగరం గల మందులను కాలేయ రోగికి ఇవ్వనే కూడదు.

ఉపవాసం గురించి నా పొరపాటు

పప్పు, పాలు మాన్పించడం నా రెండవ పొరపాటు. మాంసకృత్తుల నుంచి అమ్మోనియా పుడుతుంది కనుక వాటిని ఆపడం సబబుగానే తోస్తుంది. ఒకప్పుడు ఆసుపత్రులలోనూ అట్లే ఆపేవారు. తరువాత తెలిసినది ఏమంటే, కాలేయం చేతులెత్తినప్పుడు రక్తంలోని అమ్మోనియాను పట్టి గ్లుటమిన్‌గా మార్చే ముఖ్యమైన ఆధారం కండరమే. పస్తు పెడితే కండరం కరుగుతుంది. ఆ ఆధారమూ పోతుంది.

అందుచేత ఈనాటి వైద్యులు కాలేయం గట్టిపడిన రోగికి బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు సూచిస్తారు. 60 కిలోల మనిషికి ఇది 72 నుంచి 90 గ్రాములు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు మాత్రమే ఉంటాయి. కనుక పప్పు, పెసలు, శనగలు, పాలు, పెరుగు అన్నీ కావాలి. శాకాహారపు మాంసకృత్తులు, పాలవి ఈ రోగులకు బాగా పడతాయి. పప్పుధాన్యాల పీచు మలాన్నీ సాఫీ చేస్తుంది. రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. రాత్రి పడుకొనే ముందు పాలతో అటుకులో, చిన్న పెసరట్టో తప్పక ఇవ్వాలి. రాత్రి పన్నెండు గంటల పస్తు ఈ రోగి కండరాన్ని తినివేస్తుంది. ఏకాదశి ఉపవాసాలు ఇంటిలోని ఇతరులు చేయవచ్చు. రోగి చేయరాదు. మూత్రపిండ వ్యాధి కూడా ఉన్నవారికి ఆహార మోతాదును వైద్యుడే నిర్ణయించాలి.

ఇంటివారు గమనించవలసినవి

సారాయి వల్ల గానీ, హెపటైటిస్ బి, సి వల్ల గానీ, మధుమేహంతో వచ్చిన కొవ్వు కాలేయం వల్ల గానీ కాలేయం గట్టిపడిన వ్యక్తి ఇంటిలో ఉంటే ఈ క్రింది వాటిని రోజూ చూడండి.

1. పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఇది తరచుగా మొదటి సూచన.

2. చేతివ్రాత మారడం. రోజూ ఒకే కాగితంపై సంతకం చేయిస్తే తేడా సులువుగా తెలుస్తుంది.

3. చేతులు ముందుకు చాచి, మణికట్లు పైకి వంచి ఉంచమంటే అరచేతులు పక్షి రెక్కలవలె తటాలున క్రిందికి జారడం.

4. అకారణమైన కోపం, మరపు, గుండీలు తప్పు పెట్టుకోవడం, తెలిసిన దారి మరచిపోవడం.

5. ఒక రోజంతా మలం కాకపోవడం. లాక్టులోజు వాడేవారు వైద్యుని సలహా లేకుండా ఆపకూడదు.

6. మలం తారువలె నల్లగా రావడం, రక్తం కక్కడం. ప్రేగులో పడిన రక్తం కూడా మాంసకృత్తుల భారమే. అది అమ్మోనియాగా మారుతుంది.

7. జ్వరం, పొట్టనొప్పి, మూత్రం తగ్గడం.

నిద్ర తారుమారైనా, చేతివ్రాత మారినా, మలం కాకపోయినా ఆ రోజే చికిత్స చేసే వైద్యునికి చెప్పండి. మాట తడబడినా, మనుషులను గుర్తించకపోయినా, రక్తం పోయినా, జ్వరం వచ్చినా తెల్లవారే వరకు ఆగవద్దు. 108కి ఫోను చేసి, కాలేయ వైద్యం ఉన్న ఆసుపత్రికి చేర్చండి. మగతలో ఉన్నవారి నోట కషాయం పోయవద్దు. అది ఊపిరితిత్తులలోనికి పోతుంది. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు ఇవ్వవద్దు. వాడుతున్న ఆయుర్వేద మందులు, ఆకుపసరులు ఏవైనా ఉంటే వాటి పొట్లాలతో సహా ఆసుపత్రి వైద్యునికి చూపండి. దాచవద్దు. ఆనాడు ఆ కుమారుడు నా పొట్లాన్ని జేబులో పెట్టుకొని పోయాడు కనుకనే అక్కడివారికి విషయం తెలిసినది.

ఆ గృహస్థు తరువాత సారాయి మానివేశాడు. మరి ఆరు సంవత్సరాలు జీవించి, కుమార్తె వివాహం స్వయంగా జరిపించాడు. నన్ను పిలిచాడు. భోజనాల దగ్గర పప్పు వడ్డిస్తూ, "అయ్యగారూ, ఇప్పుడు నేను తినవచ్చునా?" అని నవ్వాడు. తినవచ్చునని, రెండు గరిటెలు వేయించుకొమ్మని చెప్పాను.